తాండూరు బ్రాంచ్‌లో ఉండిపోయిన మార్పు

2023 వానాకాలం. వికారాబాద్ స్టేషన్‌కు పది నిమిషాల నడక దూరంలో, ఒక ఎరువుల దుకాణం పైన మా ఆఫీసు ఉండేది. హైదరాబాదులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి అది శాఖ. ఆరుగురం పనిచేసేవాళ్లం. కింది నుంచి రోజంతా పురుగుమందు వాసన వచ్చేది. మూడు నెలలు గడిచేసరికి నా ముక్కు దానికి అలవాటు పడిపోయింది గానీ, సాయంత్రం ఇంటికి పోతే మా ఆవిడ మాత్రం గుమ్మంలోనే చొక్కా విప్పించేది.

ఇరవై ఏళ్లు దాటింది నేను ఈ పనిలోకి వచ్చి. అందరూ రాసిన ప్రోగ్రాములను సరిచూసి, ఒకచోట చేర్చి, కస్టమరుకు పంపే బాధ్యత నాది. మా భాషలో దాన్ని రిలీజ్ అంటాం. క్రమశిక్షణ గల మనిషినని నాకు పేరు. కోపిష్టినని అంతకంటే పెద్ద పేరు. 'సార్ టేబుల్ మీద పెన్ను జరిగినా సార్‌కు తెలుస్తది' అని పిల్లలు వెనక అనుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడితే పైకి చిరాకు పడి లోపల మురిసిపోయేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా పని తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ప్రోగ్రాములో ఎవరు ఏ మార్పు చేసినా అది వాళ్ల పేరుతో, తేదీతో, ఎందుకు చేశారో ఒక ముక్కతో సహా దాఖలవుతుంది. దాన్ని కమిట్ అంటారు. ఆ కమిట్ల వరుసే హిస్టరీ. అసలు ప్రోగ్రామును చెడగొట్టకుండా పక్కన విడిగా పని చేసుకోవడానికి ఒక పాయ తీసుకుంటారు, అది బ్రాంచ్. పని పూర్తయ్యాక 'దీన్ని అసలుదానిలో కలపండి' అని రిక్వెస్ట్ పెడతారు. నాలాంటివాడు చూసి కలుపుతాడు. కలపడాన్ని మెర్జ్ అంటారు. అసలు పాయ పేరు మెయిన్. కస్టమరు చేతికి వెళ్లేది మెయిన్ ఒక్కటే.

హిస్టరీ చూసే పేజీలో పైన ఎడమవైపు ఒక చిన్న గడి ఉంటుంది. ఇప్పుడు మీరు చూస్తున్నది ఏ బ్రాంచ్ హిస్టరీయో అది చెబుతుంది. పేజీ తెరవగానే అందులో మెయిన్ అనే ఉంటుంది. నొక్కితే మిగతా బ్రాంచ్‌ల పేర్లు కిందికి దిగుతాయి, కావలసినదాన్ని ఎంచుకుంటే ఆ బ్రాంచ్ హిస్టరీ వస్తుంది. నేను ఆ గడిని నొక్కేవాణ్ని కాను. 'మెయిన్‌లో లేనిది లేనట్టే' అని పెద్ద అక్షరాలతో రాయించి ఆఫీసు గోడకు అంటించింది నేనే.

కవిత మా దగ్గర చేరి అప్పటికి ఏడాదిన్నర. కోట్‌పల్లి దగ్గర పల్లె. తండ్రి మల్లయ్య గొర్లు కాస్తాడు. పొద్దున్నే బస్సెక్కి వచ్చేది, డబ్బాలో జొన్నరొట్టె, తొక్కు తెచ్చుకునేది. మాట తక్కువ. ఆమె రాసిన ప్రోగ్రాం చదివితే తిట్టడానికి నాకేమీ దొరికేది కాదు. నిజం చెప్పాలంటే నాకు అదే కొంచెం మంటగా ఉండేది.

తాండూరులో బండల గనుల్లో, పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్ల కోసం ఒక ట్రస్టు ఊపిరితిత్తుల దవాఖాన నడిపేది. వాళ్ల ఎక్స్‌రే వ్యాను గనుల దగ్గరికే పోయి, అక్కడున్నవాళ్లకు ఛాతీ ఎక్స్‌రేలు తీసేది. డాక్టరు రెండు మూడు రోజుల్లో వాటిని చూసేవాడు. ఎవరి ఎక్స్‌రేలోనైనా అనుమానం కనిపిస్తే కంప్యూటరు వాళ్ల నంబరుకు దానంతటదే ఫోన్ చేసి, పేరు చెప్పి, దవాఖానకు రమ్మంటుంది. అలా ఫోన్ చేసే ప్రోగ్రాం మాది.

మొదటి నెలలో ఒక తలనొప్పి వచ్చింది. దవాఖానలో యాదమ్మ సిస్టర్ ఒకే బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే మనిషికి రెండు ఫోన్లు పోతున్నాయి. గనుల్లో మేస్త్రీలు విసుక్కుంటున్నారు. నేను కవితను పిలిచి, "ఒక నంబరుకు ఒకటే ఫోన్ పోవాలె. అదే రోజు మళ్ల వస్తే ఆపెయ్" అన్నాను. ఆలోచన నాది, రాసింది ఆమె. సాయంత్రానికల్లా అయిపోయింది, నేను మెయిన్‌లో కలిపేశాను.

ఆ తర్వాత సిస్టర్లకు పని నేర్పడానికి కవిత రెండు రోజులు తాండూరు వెళ్లొచ్చింది. వచ్చాక మామూలుగానే పని చేసుకుంది. ఆ వారంలోనే ఆమె పాత లాప్‌టాప్ చెడిపోయింది, వేరేది ఇచ్చేసరికి రెండు వారాలు పట్టింది. నాకు గుర్తున్నది అంతే. గుర్తున్నది అంతే అని ఎందుకంటున్నానో ముందు ముందు చెబుతాను.

ఆగస్టులో ఒక పొద్దున యాదమ్మ సిస్టర్ ఫోన్ చేసింది.

"సార్, ఏప్రిల్‌ల ఎక్స్‌రే దిగిన భీమప్ప అని ఒకాయన. డాక్టర్ సాబ్ అనుమానం అని పెట్టిండు. గాయనకు మీ కంప్యూటర్ ఫోన్ జెయ్యలే. ఒకసారి చూస్తరా?"

"చూస్త. గాయనను ఇప్పుడు రమ్మను సిస్టర్."

"గాయన పోయిండు సార్."

మధ్యాహ్నం రైలుకు తాండూరు వెళ్లాను. జరిగింది ఇది. ఏప్రిల్‌లో ఆ గనిలో ఒకే గ్యాంగుకు చెందిన పద్నాలుగు మంది ఎక్స్‌రే దిగారు. పద్నాలుగు మందీ ఇచ్చింది ఒకటే నంబరు, మేస్త్రీది. చాలామందికి సొంత ఫోన్ లేదు, ఉన్నవాళ్ల నంబరు నెలకొకసారి మారుతుంది. మేస్త్రీ నంబరు మారదు, కబురు ఆయనకు అందితే అందరికీ అందినట్టే. అక్కడి పద్ధతే అది. ఆ పద్నాలుగు మందిలో ఒకతని ఎక్స్‌రే సరిగ్గా పడలేదని, మళ్లీ తీయాలని ఫోన్ పోయింది. అదే రోజు భీమప్ప పేరు వచ్చింది. అదే నంబరు, అదే రోజు. రెండోసారి బటన్ నొక్కారనుకొని మా ప్రోగ్రాం ఆ ఫోన్ ఆపేసింది. నాలుగు నెలలు గడిచాక భీమప్ప రక్తం కక్కుతూ తనంతట తానే దవాఖానకు వచ్చాడు. టీబీ. పట్నం పంపారు, తొమ్మిది రోజులు బతికాడు. ఏప్రిల్‌లో మందు మొదలుపెట్టి ఉంటే ప్రాణానికి భయం ఉండేది కాదని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు.

వరండాలో బెంచీ మీద భీమప్ప భార్య శాంతమ్మ కూర్చొని ఉంది. సరిహద్దు అవతల సేడం వైపు మనిషి. ఎక్స్‌రే నాడు ఇచ్చిన చీటీని కొంగున కట్టుకొని వచ్చింది. నన్ను డాక్టరనుకుంది.

"ఫోన్ జేస్తమంటిరి గద సారూ. ఫోన్ రాకుంటే ఏం లేనట్టే, ఫికర్ జెయ్యకుండ్రి అంటిరి. మేం గట్లనే ఉంటిమి. దగ్గుతుంటే గూడ, ఫోన్ రాలే గద, ఏం గాదులే అని పనికి పాయె."

"నేను దవాఖాన మనిషిని గాదమ్మా. కంప్యూటర్ మనిషిని."

"ఫోన్ జేసేది గా కంప్యూటరే గద" అంది.

మంచినీళ్లు తాగుతావా అని అడిగాను. అక్కర్లేదంది.

మరునాడు ఆఫీసులో విచారణ. హైదరాబాదు నుంచి మా ఎండీ గారు ఫోన్ స్పీకర్లో ఉన్నారు. మాట్లాడకముందే కవిత లాగిన్ తీయించేశారు. తప్పు జరిగిందంటే ముందు మనిషి చేతులు కట్టేసి తర్వాత అడగడం మా కంపెనీల ఆనవాయితీ. ఏ లైను ఎవరు రాశారో చూపించే ఒక ఆజ్ఞ మాకుంది, దాని పేరు బ్లేమ్. నింద అని అర్థం. పేరు పెట్టినవాడు మనుషుల సంగతి బాగా ఎరిగినవాడే. నేను ఆ ఆజ్ఞ ఇచ్చాను. రెండో ఫోన్‌ను ఆపే లైను ఎదురుగా కవిత పేరు వచ్చింది. తర్వాత ఆ ఫైలు హిస్టరీ తెరిచాను. రెండే కమిట్లు. ఫైలు మొదలుపెట్టింది నేను, ఆ లైను చేర్చింది కవిత. ఆ తర్వాత ఏమీ లేదు.

"కవితా, అదే నంబరు మళ్ల వస్తే ఆపేది నువ్వు రాసిందేనా?"

"నేనే రాసిన సార్. మళ్ల మార్చిన గద సార్."

"ఎప్పుడు?"

"తాండూర్ పోయొచ్చినంక. ఆడ అందరు మేస్త్రీ నంబరే ఇస్తున్నరని సూశిన. మార్చి రిక్వెస్ట్ గూడ పెట్టిన. మీరు కలిపిన్రనుకున్న."

స్క్రీన్ ఆమె వైపు తిప్పాను. "ఇగో హిస్టరీ. నీ పేరు ఒక్కసారే ఉంది. ఇగో రిక్వెస్టుల లిస్టు. ఖాళీ. ఏడ మార్చినవ్?"

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. "సార్, జర నేను ఒక్కసారి సూడనా" అంటూ మౌసు మీదికి చెయ్యి చాపింది.

"ఆమెను ముట్టుకోనివ్వకండి" అన్నారు స్పీకర్లో ఎండీ గారు. "రేపు ట్రస్టు వాళ్లకు మనం చూపించాల్సింది అదే."

నేను మౌసు ఇవతలికి లాక్కున్నాను. ఆమె చెయ్యి బల్ల మీద ఉత్తగా ఉండిపోయింది.

"పాత లాప్‌టాప్ గప్పుడే ఖరాబైంది గద సార్. పంపిన అనుకున్ననేమో. పంపకముందే అండ్లనే పోయిందేమో" అంది. గొంతు తగ్గిపోయింది.

"అనుకుంటే పని నడుస్తదా బిడ్డా? ఆడ మనిషి సచ్చిపోయిండు."

"మీరు సూశిన్రు గద సార్. మీరు లేదంటే లేనట్టే" అంది.

వెటకారంగా అనలేదు. నమ్మి అంది. తన జ్ఞాపకం కంటే నా మాటను ఎక్కువ నమ్మింది. నేను దాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నాను.

అదే వారం కవితను తీసేశారు. 'నిర్లక్ష్యం' అని కాగితంలో రాశారు. ట్రస్టుకు పంపిన వివరణలో ఆమె పేరు వేశాం, సంతకం నాది. రెండు నెలల తర్వాత హైదరాబాదులో ఇంకో కంపెనీ వాళ్లు ఆమె గురించి నాకు ఫోన్ చేసి అడిగారు. నేను నిజమే చెబుతున్నాననుకొని ఉన్నదంతా చెప్పాను. ఆ ఉద్యోగమూ పోయింది. నాకు మాత్రం రాత్రి నిద్ర బాగానే పట్టేది. తప్పు ఎవరిదో తేలాక నిద్ర పట్టకపోవడానికి ఏముంది?

మరుసటి ఎండాకాలం మా ప్రోగ్రాములన్నీ పాత సర్వరు నుంచి కొత్త సర్వరుకు మార్చాల్సి వచ్చింది. ఏ బ్రాంచ్‌ను ఉంచాలి, దేన్ని తీసేయాలి అని ఒక్కొక్కటే చూడాలి. తాండూరు ప్రోగ్రాం వంతు వచ్చింది. ట్రస్టు వాళ్లు అప్పటికే వేరే కంపెనీకి పోయారు, ఇది ఉత్త పాత సామాను. పేజీ తెరిచి ఆ మూల గడిని నొక్కాను. పదకొండు బ్రాంచ్‌లు కిందికి దిగాయి. వాటిలో ఒకదాని పేరు తాండూరు.

దాన్ని ఎంచుకున్నాను. హిస్టరీ మారిపోయింది. రెండు కమిట్లు ఉన్న చోట మూడున్నాయి. అన్నిటికంటే పైన కవిత పేరు. పక్కన ఆమె రాసిన ముక్క ఇంగ్లీషులో ఉంది, దాని అర్థం ఇది: ఒకే నంబరు, వేరు వేరు మనుషులు, రెండో ఫోన్ ఆపొద్దు, తాండూరులో గ్యాంగ్ అంతా మేస్త్రీ నంబరే ఇస్తారు.

తేదీ చూశాను. భీమప్ప ఎక్స్‌రే దిగిన రోజుకు పంతొమ్మిది రోజుల ముందు.

ఆమె పెట్టిన రిక్వెస్ట్ కూడా ఉండాలి కదా అని వెతికాను. ఉంది. ఆ లిస్టు కూడా తెరవగానే ఇంకా మూయనివాటినే చూపిస్తుంది. మూసేసినవి చూడాలంటే ఇంకోచోట నొక్కాలి. నొక్కాను. కవిత రిక్వెస్ట్, దాని కింద దాన్ని మూసేసినవారి పేరు. నా పేరు. ఏప్రిల్ రిలీజ్‌కు ముందు రోజు ఒకే నిమిషంలో పదిహేను రిక్వెస్టులు మూసేశాను. వారం దాటినవన్నీ నా దృష్టిలో పాతవే. అవసరమైనవాళ్లు మళ్లీ పెట్టుకుంటారులే అనేది నా పద్ధతి. రిలీజ్‌కు ముందు ఇల్లు ఊడ్చుకోవడం అని దానికి నేను పెట్టుకున్న పేరు. కారణం అడిగే గడిలో 'పాతవి' అని ఒక్క మాట కొట్టాను. కవితకు అప్పటికింకా వేరే లాప్‌టాప్ రాలేదు. మూసేసిన సంగతి ఆమెకు తెలిసే దారే లేదు.

అప్పుడు నాకు ఇంకొకటి గుర్తుకొచ్చింది. తాండూరు నుంచి వచ్చిన మరునాడు ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. "సార్, మా నాయన మందల గొర్లన్నిటికి జాజు గుర్తు ఒక్కటే ఉంటది. గుర్తు ఒక్కటే అని మందంత ఒక్క గొర్రె అయితదా సార్?" అంది. ఆ ఎర్రమన్ను గుర్తుల మాట విని నేను గట్టిగా నవ్వాను. "ముందుగాల రిలీజ్ కానీ తల్లీ, నీ గొర్ల ముచ్చట తర్వాత సూద్దాం. బ్రాంచ్‌ల పెట్టి పో" అన్నాను. ఆమె చెప్పింది. ముందే చెప్పింది. నేను పెట్టమన్న చోటే పెట్టింది. విచారణ రోజున ఆ సంగతి నా బుర్రలో మచ్చుకైనా లేదు. అబద్ధమాడి ఉంటే కనీసం పాపం చేశానని తెలిసేది. నేను నిజంగానే మర్చిపోయాను.

మౌసు మీదికి చాచిన ఆ చెయ్యి ఎటు పోతోందో కూడా ఇప్పుడు తెలిసింది. పైన ఎడమ మూలకు. అరక్షణం ఆగి ఉంటే సరిపోయేది.

ఎండీ గారికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "ఇప్పుడు తవ్వితే ఎవరికి మేలండీ? పోయినాయన రాడు కదా. ఆ అమ్మాయి కూడా ఈపాటికి ఎక్కడో కుదురుకొని ఉంటుంది" అన్నారు. నేను మారు మాట్లాడకుండా ట్రస్టుకు ఉత్తరం రాశాను, తప్పు నాదని, కవితది కాదని. అందిందని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఉద్యోగం మానేద్దామా అనుకున్నాను. మానేయలేదు. అంత ధైర్యం లేదు నాకు, ఆ మాట దాచుకోవడం దేనికి?

ఆ రెండు పేజీలూ ప్రింటు తీసుకొని ఆదివారం కోట్‌పల్లి బస్సెక్కాను. ఇల్లు అడుగుతూ పోతే, ప్రాజెక్టు కట్ట వైపు చూడమన్నారు. నీళ్ల దగ్గర మూడు నాలుగు మందలు కలిసి ఉన్నాయి. తలకు తువ్వాలు చుట్టుకొని, చేతిలో కర్రతో కవిత. దూరం నుంచి గుర్తుపట్టలేదు. నన్ను చూసి కర్ర కింద పెట్టి, ఆఫీసులో లేచి నిలబడ్డట్టే నిలబడింది.

"నమస్తే సార్. గింత దూరమొచ్చిన్రు?"

"పని ఏం చేస్తలేవా బిడ్డా?"

"ఇదే సార్. నాయనకు మోకాళ్లు నొస్తున్నయి." మంద వైపు చూస్తూ అంది, "గొర్లకాడ తప్పు జేస్తే ఒక్క గొర్రె పోతది సార్. మనిషైతే పోడు గద."

కాగితాలు చేతిలో పెట్టాను. ఆమె మొదటి కాగితం చదివింది. మళ్లీ చదివింది.

"ఇది నేనే రాసిన్నా సార్? నిజంగ?"

"నువ్వే రాసినవ్."

"నాకు యాదికుంది అంటే, మీరు లేదన్నరు. నాకే ఏమన్న అయిందేమో అనుకున్న సార్. ఇన్నొద్దులు గట్లనే అనుకున్న."

రెండో కాగితం చూసింది. నా పేరు చూసింది. మళ్లీ మొదటి కాగితం తీసి తేదీ మీద వేలు పెట్టి, "భీమప్ప ఎక్స్‌రే దిగింది ఎన్నడు సార్?" అంది. చెప్పాను. "అయితే ఇది గాయనకన్న ముందే ఉండె. బతుకుతుండె గద సార్ గాయన" అని అక్కడే, గొర్ల మధ్య కూలబడి ఏడ్చింది. తన మీద నింద పోయినందుకు సంతోషిస్తుందేమో అని నేను వెర్రివాడిలా ఎదురుచూస్తున్నాను. తన తప్పు లేదన్న సంగతి ఆమె దాకా చేరనే లేదు. చేరింది ఒక్కటే, ఆ మనిషి చావకుండా ఆపగలిగేది ముందే తయారై ఉందని.

మల్లయ్య కుంటుకుంటూ వచ్చాడు. సంగతంతా విన్నాడు. తిట్టాడా అంటే తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"సారూ, ఒక మాట అడుగుత. మందల గొర్రె కనవడకుంటే కాసేటోన్ని అనకముందు మేం ఏం జేస్తమో ఎరుకనా? నీళ్లకాడ కలిసిన మందలన్ని తిరుగుతం. గుర్తు సూసుకుంట ఒక్కొక్క మంద తిరుగుతం. శానసార్లు గొర్రె యాడికి పోదు, పక్క మందల ఉంటది. మీ కాడ గట్ల తిరిగి సూసేటోళ్లు ఎవలు లేరా?"

"తిరిగి సూడాల్సింది నేనే పెద్దయ్యా" అన్నాను.

పోయే ముందు కవితతో, నీ తప్పేమీ లేదని నా సంతకంతో రాసిస్తా, ఎక్కడికైనా పనికొస్తుంది, నువ్వు మళ్లీ పనిలోకి రావాలి అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"నాకు కాయితం వద్దు సార్. ఒక్క పని జేయుండ్రి. నన్ను తీసేసినంక నేను తాండూర్ పోయిన. శాంతమ్మకాడికి. నా వల్లనే పాయె నీ పెనిమిటి అని కాళ్లు మొక్కిన. ఆమె నాకు శాపం పెట్టింది. పెట్టనీ, నాది తప్పే గద అని ఊకున్న. ఇప్పుడు ఆమెకు పోయి మీరు జెప్పుండ్రి. నేను జెప్తే నమ్మది."

నేను చేసిన పనికి ఈ పిల్ల పోయి ముక్కూ మొహం తెలియని మనిషి కాళ్లు పట్టుకొని వచ్చింది. చెబుతానని మాటిచ్చాను.

మరునాడే తాండూరు వెళ్లాను. గనిలో ఆ గ్యాంగ్ లేదు. వాళ్లున్న రేకుల షెడ్లలో వేరేవాళ్లు ఉంటున్నారు. యాదమ్మ సిస్టర్ దగ్గరికి పోయి శాంతమ్మ నంబరు అడిగాను. పాత రిజిస్టరు తీసి ఒక నంబరు చదివింది. నేను రాసుకుంటూ సగంలో ఆగిపోయాను. ఆ నంబరు నాకు నోటికొచ్చు. విచారణ కాగితాల్లో వందసార్లు చూసిన మేస్త్రీ నంబరు.

చేశాను.

"ఏ శాంతమ్మ? భీమప్ప శాంతమ్మనా? గా గ్యాంగ్ పోయి ఆర్నెల్లాయె సార్. నా కింద ఇప్పుడు వేరేటోళ్లున్నరు."

"గాళ్ల నంబరేమన్న ఉందా?"

"గాళ్లకు నంబరేడిది సార్? నా నంబరే గద."

సేడం వైపు రెండుసార్లు పోయి వెతికాను. ఏ ఊరో సరిగ్గా చెప్పేవాళ్లు దొరకలేదు, గనుల వెంట తిరిగే మనుషులు ఒకచోట ఉండరు. శాంతమ్మ ఎక్కడున్నా ఈ రోజుకు కూడా ఆమె లెక్కన భర్తను పొట్టన పెట్టుకున్నది కోట్‌పల్లి పిల్లే. కవిత ఇప్పటికీ గొర్ల వెంటే పోతోంది. పండగకొకసారి ఫోన్ చేస్తే, "దొరికిందా సార్?" అని అదొక్కటే అడుగుతుంది.

గోడ మీది కాగితం నేనే చింపేశాను. ఇప్పుడు ఎవరి మీద ఏ మాట వచ్చినా ముందు ఆ గడిని నొక్కుతాను. ఉన్న బ్రాంచ్‌లన్నీ ఒక్కొక్కటే తెరిచి, మూసేసిన రిక్వెస్టులన్నీ చదివి, అప్పుడు నోరు తెరుస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, నాకు తెలుసు. కొత్తగా చేరినవాళ్లు సార్‌కు చాదస్తం అంటున్నారు. అననీ.

నెలకొకసారి మేస్త్రీకి ఫోన్ చేస్తాను. మొదట్లో విసుక్కునేవాడు, ఇప్పుడు నా గొంతు గుర్తుపట్టి నేను అడగకముందే చెప్పేస్తాడు, "ఇంక రాలే సార్. వస్తే నేనే ఫోన్ జేస్త, ఫికర్ జెయ్యకు." సరే అని పెట్టేస్తాను. పెట్టేసి, వచ్చే నెల మళ్లీ నేనే చేస్తాను. ఫోన్ రాకపోతే ఏమీ లేనట్టే అని నమ్మి కూర్చున్న మనిషి ఏమయ్యాడో నేను చూశాను.